కత్తెర పడని సన్నజాజి

మేరీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ సమాధి మీద పెట్టడానికి మన సన్నజాజి ఒక్క పువ్వూ ఇవ్వలేదు. నరసరావుపేట బజారులో కొన్న దండ వేసొచ్చాను. ఒళ్లు మండిపోతోంది.

ఏటా చలికాలంలో నువ్వు నీళ్లు ఆపి, తీగను మోకాలెత్తుకు కోసేసేదానివి. ఈసారి నేను కత్తెర తీస్తే మన అమ్మాయి అడ్డుపడింది. “అమ్మ పెంచిన తీగ నాన్నా, కొయ్యబాక!” అని ఏడ్చింది. సరేనని రోజూ బిందెడు నీళ్లు పోశాం. పందిరంతా ఆకే.

కోస్తే వచ్చే కొత్త చిగురుకే పువ్వులొస్తాయని పక్కింటి పిన్ని ఇవాళ చెప్పింది. ఆ ముక్క నువ్వే చెబితే నీ సొమ్మేం పోయేది? నేను దగ్గరికొస్తే చాలు, “నీకేం తెలుసయ్యా, తప్పుకో!” అని కత్తెర లాక్కునేదానివి.

వచ్చే చలికాలం నేనే కోస్తాను. రా, లాక్కో చూద్దాం.