నాలుగు మేజోళ్ళు

అమ్మకు నమస్కారాలు.

ఈ ఉదయం పాలగిన్నె మూత నా చేతిలోంచి జారి, వంటింటి గడప దాటి, ముందుగదిలో గింగిరాలు తిరిగి గోడకు తగిలి ఆగింది. అది ఆగేదాకా నేనూ మీ అల్లుడూ పెదవుల మీద వేలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడిపోయాము. తరువాత ఆయన వేలు తీసేసి మంచం కిందికి చూశారు. నేను మూత కడిగి మళ్ళీ గిన్నె మీద పెట్టాను.

మేమిద్దరమూ, మా పిల్లి దొరసానీ క్షేమం. నువ్వూ నాన్నగారూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోనులో నేను ఊఁ, ఆఁ తప్ప ఏమీ అననని, కాగితం మీదైతేనే నాకు మాటలు వస్తాయని రాశావు. నోట్లో నాలుక లేని పిల్లనని చిన్నప్పటినుంచీ అంటూనే ఉన్నావు. కాదనను. నువ్వు అడిగిన వరసలోనే జవాబులు రాస్తున్నాను, ఒక్కటి తప్ప. అది చివర రాస్తాను.

ఇంట్లోకి గాలి వస్తుంది, వెలుతురు రాదు. వంటింట్లో నేనుంటే ఆయన గడప బయట నిలబడాలి. నీళ్ళకు ఇబ్బంది లేదు. వాటా మేడ మీద, ఇంటావిడ కింద. వెనకవైపు సందులోకి ఇనప మెట్లున్నాయి. ఈ ఇల్లు ఒప్పుకోవడానికి అసలు కారణం ఆ మెట్లే.

"ఆ రెంటినీ ఎవరికైనా ఇచ్చేసి ఉంటే మంచి ఇల్లు ఎప్పుడో దొరికేది" అని రాశావు. లెక్కకు నువ్వన్నది సరే. మా జీతాలకు అందే ఇళ్ళలో జంతువులు వద్దన్నారు. జంతువులున్నా సరే అన్న ఇళ్ళు మా జీతాలకు అందలేదు. ఒకాయన పిల్లికి ఒప్పుకుని, "కుక్క ఎంతుంటుంది?" అని అడిగాడు. మీ అల్లుడు మోకాలి దాకా చెయ్యి చూపించారు. అంతలో ఆయన కాళ్ళ దగ్గర పడుకున్న సెల్లారు లేచి నిలబడింది, ఆయన నడుము దాకా. ఇంకొకాయన దానికి వేరే అద్దె అడిగాడు. "నాలుగు కాళ్ళు కదండీ, గచ్చు అరుగుదల ఎక్కువ" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాము. నవ్వలేదు.

ఆ పేరేమిటని నువ్వు ఎప్పుడూ వెక్కిరిస్తావు. లిఫ్టు బాగుచేయడానికి వెళ్ళినప్పుడు, సెల్లారులో లిఫ్టు దిగే గోతిలో గ్రీజు పూసుకుని దొరికింది కాబట్టి ఆయన అలా పిలిచారు. పెళ్ళికి నేను పుస్తకాలూ దొరసానినీ తెచ్చుకున్నాను, ఆయన పనిముట్ల సంచీ సెల్లారునూ తెచ్చుకున్నారు. మాకు ఆస్తి పంపకాల గొడవ లేదు.

మన పై వాటా ఖాళీగానే ఉందని, మేమిద్దరమే అయితే రావచ్చని మళ్ళీ రాశావు. ఆ వాటా గుమ్మానికి వేలాడే అట్ట మీద "జంతువులు ఉన్నవారికి ఇవ్వబడదు" అని రాసింది నేనే, గుర్తుందా? దస్తూరి బాగుంటుందని నాన్నగారు నాచేత రాయించారు. "ఇవ్వబడదు" అనే మాట తప్పు లేకుండా రాసినందుకు ఆ రోజంతా పొంగిపోయాను. ఇళ్ళకోసం తిరిగిన వీధులన్నిటిలోనూ ఆ మాట కనబడుతూనే ఉంది. ఎవరి దస్తూరీ నా అంత బాగాలేదు.

ఈ ఇల్లు చూపించిన బ్రోకరు మెట్లెక్కుతూనే చెప్పాడు. "ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. ఈ ఇంట్లో సూది పడినా వినపడుతుంది, అంత ప్రశాంతం. ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు, మీరూ పలకరించకండి. అద్దె నేనొచ్చి తీసుకుంటా. పిల్లలు లేరు కదా? కుక్కలూ పిల్లులూ?"

మీ అల్లుడు నా వైపు చూశారు. ఆయన నోరు తెరిచేలోపు నేనే "లేవండీ" అన్నాను. ఆయన కంటే ముందు నేను జవాబు చెప్పడం అదే మొదటిసారి.

దొరసానితో చిక్కు లేదు. అది ఎక్కడున్నా ఇంటి యజమానిలాగే ఉంటుంది. సెల్లారుకు ఇనప మెట్ల మీద గోళ్ళ చప్పుడు వినపడకుండా మీ అల్లుడి పాత మేజోళ్ళు తొడిగేవాళ్ళం. తెల్లారకముందే సందులోకి తీసుకెళ్ళి తెచ్చేవాళ్ళం. కాళ్ళు ఒక్కొక్కటీ అదే ఎత్తి ఇచ్చేది. మొరగడం మాన్పించే పని నేను తీసుకున్నాను. మా కాన్వెంటులో పెద్ద సిస్టరు ఎప్పుడూ గొంతెత్తేది కాదు. గుమ్మంలో నిలబడి పెదవుల మీద వేలు పెడితే హాలంతా చప్పబడిపోయేది. నేనూ అదే చేశాను. దాని గొంతులో గురగుర మొదలవగానే వేలు, ఊరుకోగానే రొట్టె ముక్క. తొందరగా నేర్చుకుంది. మొదట్లో ఆయన, "మీ కాన్వెంటులో ఇంకో సీటు నిండింది" అని నవ్వారు. కొన్నాళ్ళకు నవ్వడం మానేసి, "దీనికి మాట పడిపోయిందే" అన్నారు.

ఒక సెలవురోజు దాన్ని ఊరి చివర బయలుకు తీసుకెళ్ళి, "ఇక్కడ ఎవరూ లేరు, అరువు" అని బతిమాలారు. అది ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది. చివరికి ఆయనే మోకాళ్ళ మీద కూర్చుని మొరిగారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. సెల్లారు నా వైపు తిరిగి చూసింది, నేను వేలు ఎత్తుతానేమోనని.

నీ ఉత్తరం చివర, మొదటిసారి, "కుక్క ఎలా ఉంది?" అని అడిగావు. క్షేమ సమాచారం దగ్గర దాని పేరు రాయలేదని నువ్వు గమనించే ఉంటావు.

పోయిన ఆదివారం ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని కబురొస్తే ఆయన వెళ్ళారు. ప్రెస్సు నుంచి తెచ్చుకున్న ప్రూఫులు నేను బల్ల దగ్గర దిద్దుతున్నాను. సెల్లారు వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. మామూలుగా పెట్టినట్టు కాదు, నొక్కి పెట్టింది. గొంతులో సన్నగా ఏదో కదిలింది. నేను కాగితం మీంచి కళ్ళు ఎత్తలేదు. అలవాటుగా వేలు పెదవుల మీద పెట్టాను. అది తల తీసుకుని మంచం కిందికి వెళ్ళింది. ఎంత బుద్ధిమంతురాలో అనుకుని పేజీ తిప్పాను.

సాయంత్రం ఆయన వచ్చి, "సెల్లారేది?" అన్నారు. పిలిస్తే రాలేదు. మంచం జరిపి చూస్తే పొట్ట తప్పెటలా ఉబ్బి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన దాన్ని భుజాన వేసుకుని ముందు మెట్ల మీంచే దిగారు. ఇక ఎవరైనా చూస్తారేమోనని ఆలోచించలేదు.

పశువుల డాక్టరు చెయ్యి వేసి చూసి, "కడుపు మెలిపడింది. ఈ నొప్పికి వీధి వీధంతా లేచేలా ఏడుస్తాయి. పొద్దుటినుంచీ ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు.

"అరవలేదండీ" అన్నారు ఆయన.

"అరవకపోవడమేమిటి, కుక్కే కదా?"

ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

సెల్లారు ఆ బల్ల మీదే పోయింది. ఆయన మొరిగిన బయలులోనే పూడ్చిపెట్టాము. ఆ రోజు అది నా దగ్గరికి వచ్చి తల పెట్టిందని, నేను వేలు చూపించానని ఆయనకు చెప్పలేదు. నీకొక్కదానికే రాస్తున్నాను. మేజోళ్ళు నాలుగూ ఆయనే ఉతికి ఆరేశారు. ఇంకా తీగ మీదే ఉన్నాయి, ఇద్దరం వాటి కింద వంగి నడుస్తున్నాము.

మీ పై వాటాకు ఇప్పుడు మా దగ్గర పిల్లి ఒక్కటే అడ్డం. అయినా రాము. కోపంతో కాదు, అమ్మా. కోపం లేదని కూడా అనను.

ఇక మిగిలిన ప్రశ్న. "ఇంటావిడ ఎలాంటిది? గొడవ మనిషి కాదు కదా?" అని అడిగావు. గొడవ మనిషి కాదు. గర్వం మనిషి అనుకునేదాన్ని. మెట్ల దగ్గర వెనకనుంచి నమస్కారమండీ అంటే తిరిగేది కాదు. ఎదురుపడితే కళ్ళలోకి కాక నా నోటివైపే చూసేది, నేనేదో దాస్తున్నానని పసిగట్టినట్టు. నేను తల దించుకుని పైకి వచ్చేసేదాన్ని.

సోమవారం కిందికి వెళ్ళాను. దాచడానికి ఇక సెల్లారు లేదు కాబట్టి నిజం చెప్పేందుకు ధైర్యం వచ్చింది. ఎంతసేపు తలుపు కొట్టినా తీయలేదు. కిటికీలోంచి చూస్తే టీవీలో బొమ్మలు కదులుతున్నాయి, శబ్దం లేదు. తలుపు తోసుకుని వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. ముక్కూ మొహం తెలియని మనిషితో నేను అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ నా పెదవుల వైపు చూస్తూ చివరిదాకా ఓపిగ్గా కూర్చుంది. తరువాత లేచి కాగితం, పెన్సిలు తెచ్చి నా చేతిలో పెట్టి, "రాసి చూపించమ్మా, ఏడవకు" అంది.

ఏమీ రాయలేక పైకి వచ్చేశాను. ఈ సంగతి కూడా మీ అల్లుడికి చెప్పలేదు. ఆవిడకు రెండు చెవులూ వినపడవు.

ఇట్లు,
మాటలు కాగితానికే దాచుకునే
నీ చిన్న కూతురు