నాయన ఇచ్చిన సీసా

మంగళవారం, రాత్రి

చిత్తూరులో నేను పనిచేసే ల్యాబులోనే మూడు నెలలుగా నాయన మూత్రం పరీక్షిస్తున్నాను. ప్రోటీను ప్రతిసారీ ఒక ప్లస్సే, అంటే కొద్దిగానే. కాళ్ల వాపు మాత్రం తగ్గలేదు. అందుకే పోయిన వారం తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ వాళ్లే సాంపిల్ పట్టారు, కిడ్నీ నుంచి చిన్న ముక్క తీశారు.

ఈ రోజు రిపోర్టులు వచ్చాయి. ప్రోటీను నాలుగు ప్లస్సులు.

"కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడను గట్టిగా ఉంచే జీన్లు పని తగ్గించేశాయి. అందుకే ప్రోటీను కారిపోతోంది. మూడు నెలల ముందే రావాల్సింది," అన్నాడు డాక్టరు.

తిరుగు బస్సులో నాయన కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "ఉచ్చలో నురగ సూసినప్పుడల్లా నీ మొగం మాడిపోతా ఉండె. అందుకే సీసాలో రవ్వంత పట్టి, మిగతాదంతా కుళాయి నీళ్లు పోసి ఇస్తా ఉంటిమ్మా."

నాకు ఆయన మీద కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

అప్పుడే పట్టి ఇచ్చినా, ఆ సీసా ప్రతిసారీ చల్లగా, నీళ్లలా ఉండేది. వేరే ఎవరైనా అలా తెచ్చి ఉంటే, మళ్లీ పట్టి తెమ్మని మొహం మీదే చెప్పి పంపేదాన్ని. నాయన సీసాకు మాత్రం ఒక ప్లస్ అని రాసి, కింద నా సంతకం పెట్టాను.