నడిమింట్లో బండల కింద ఇసుక

గంగరత్నా,

చిక్కన్న బండలు పరచడానికి వచ్చేలోగా ఇది చదువు. నేను పావగడ బస్సుకు మా అమ్మవాళ్ల ఊరికి పోతున్నాను.

నడిమింట్లో బండల కింద ఏటి ఇసుక వద్దని అతనికి చెప్పు. పోసినదంతా తీయించి గరుసు మట్టి పోయించు. నీళ్లు చల్లి దిమ్మిసతో గట్టిగా దంచించు. ఇసుకైతేనే మట్టం బాగా కుదురుతుందని వాదిస్తాడు, వినొద్దు. సాయంత్రం మట్టం చేసిన ఇసుకలో తెల్లారేసరికి స్తంభం పక్కన గుంత పడుతోంది. మన అత్త మూడేండ్ల కింద చనిపోయేదాకా శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్న చోటే అది. వానల్లేక రెండేండ్లుగా ఇంట్లోకి కాయే రాలేదు, ఆమెకు మాత్రం చచ్చినా ఆ చోటు అలవాటు పోలేదు.

"పిల్లి పండుకొనింటాది లేక్కా" అంటాడు చిక్కన్న. పిల్లి అంత వెడల్పు ఉంటుందా? రోజూ నేనే పూడుస్తున్నాను. నువ్వు ఒక్కరోజూ పార పట్టలేదు.

చద్దన్నం ఉట్టిమీద ఉంది. మీ బావ అడిగితే మా అమ్మకు జ్వరమని చెప్పు.

అక్క

అసలు సంగతి రాయలేదు. ఈ పొద్దు గుంతలు రెండున్నాయి, పక్కపక్కనే. "ఈడొచ్చి నా పక్కన కూచోమే, మాట్లాడుకుంటా ఒలుద్దాం" అని అత్త ఎన్నిసార్లు పిలిచినా పనుందనేదాన్ని. రెండోది నీదేమోనని భయపడి అందులో కూర్చుని చూశాను. నీది కాదులే. నాకు సరిగ్గా సరిపోయింది. లేవబుద్ధి కాలేదు.