చూపుమేర, వినికిడిమేర

ఆగస్టు 5, మంగళవారం

ఈ ఉదయం మారేడ్‌పల్లిలో బాధ్యతలు స్వీకరించాను. రెండో అంతస్తు. రెండు మంచాలు, ఒక బల్ల, ఒక స్నానాలగది. నా వెంట తెచ్చినవి — ఒక సూట్‌కేసు, నా దిండు, కళాశాల కార్యాలయం వారు పెద్ద మనసుతో మంజూరు చేసిన సెలవు. పదవి: తాత్కాలిక సహచరి. జీతభత్యాలు లేవు. వయోపరిమితి సడలించబడినది. ఈ పదవిలో ఉండేవారంతా ఇరవై ఏళ్ల పిల్లలు. నాకు యాభై మూడు.

మా మోర్మన్ క్రైస్తవ సంఘంలో మిషనరీలు ఇద్దరిద్దరుగానే ఉంటారు. ఒకరు మరొకరి చూపుమేరలో, వినికిడిమేరలో ఉండవలెను. స్నానాలగది ఒక్కటే మినహాయింపు. ఇక్కడి ఇద్దరిలో సిస్టర్ కెజియాకు అపెండిక్స్ ఆపరేషన్ జరిగి, రాజమండ్రిలో తల్లి దగ్గర కోలుకుంటోంది. ఇక్కడ మిగిలినది సిస్టర్ దలిసాయ్. ఫిలిప్పీన్స్ పిల్ల. సన్నగా, పొట్టిగా, ఛాతీ మీద నల్లటి పేరు బిళ్లతో. ఆమె ఒంటరిగా ఉండరాదు. కనుక నేను.

మా బ్రాంచి ప్రెసిడెంటు రాజారత్నంగారు నిన్న ఫోనులో గొంతు తగ్గించి — “సిస్టర్, ఆ అమ్మాయి ఇంటికి వెళ్లిపోతానంటోందండీ. పంతొమ్మిదిన మిషనరీల బదిలీలు, అప్పటిదాకా ఆగమన్నాం. ఆ ముందురోజు తనే ఫోన్ చేసి చెప్పాలి, ఉంటుందో వెళుతుందో. మీరేం నచ్చజెప్పకండి. తోడుగా ఉండండి, అంతే.”

ఇరవై ఏడేళ్లుగా ప్రిన్సిపాళ్లకు, విద్యార్థినులకు, మా ఆయనకు నచ్చజెప్పుటయే వృత్తిగా బ్రతికినదాన్ని. నచ్చజెప్పవద్దు అన్న ఆదేశం ఇదే మొదటిది. రెండుసార్లు చెప్పించుకున్నాను, హాయిగా ఉండి.

ఆగస్టు 6

ఆరున్నరకు లేవాలట. అది చాలా పెందరాళ అన్నట్టు ఆ పిల్ల జాలిగా చెప్పింది. ఇంట్లో నేను లేచేది ఐదింటికి. గంటన్నర అదనపు నిద్ర — దైవసేవలో.

మధ్యాహ్నం మా ఆయన ఫోను.

“ఏమే, కుక్కర్ ఎన్ని కూతలు?”

“మూడండీ.”

“మూడూ వచ్చాయి. అన్నం రాలేదు.”

“నీళ్లు పోశారా?”

ఫోను పెట్టేశారు. రెజిమెంటల్ బజార్‌లో పాతికేళ్లుగా ఫ్యాన్ల కొట్టు నడుపుతున్న మనిషి.

ఆగస్టు 7

పిలిచిన ఇళ్లకే వెళ్లాలి. పిలవని తలుపు తట్టరాదు. ఇవాళ పిలిచినది బోయిగూడలో మా సంఘం కుటుంబమే. దారిలో మా వీధి. మా మేడ మీద నా చీర, తడిబరువుతో ఒకపక్కకే జారి, కొస నేలను ఊడుస్తోంది. చూశాను. జోక్యం చేసుకోలేదు. డ్యూటీలో ఉన్నాను.

ఆ ఇంటి ముసలమ్మ దలిసాయ్‌ని దగ్గర కూర్చోబెట్టుకుని — “ఏం తిన్నవ్ బిడ్డా పొద్దుగాల?”

దలిసాయ్ నిటారుగా కూర్చుని — “నేను రొట్టెను భుజించితిని, అమ్మా.”

పిల్ల తెలుగు నేర్చుకున్నది లేఖనాల నుంచి. నా చెవికి ఎంత సుఖమో. సర్క్యులర్ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇల్లంతా మాత్రం ఘొల్లుమంది. “అగో, నాటకమోలె మాట్లాడుతుంది!” ప్రేమగానే అన్నారు. పిల్ల కూడా నవ్వింది. ఆ తర్వాత రోజంతా ఒక్క మాట లేదు. కెజియా ఉన్నన్నాళ్లూ మాట్లాడవలసినదంతా కెజియా మాట్లాడేదట. ఈమె పక్కన చిరునవ్వుతో కూర్చునేదట.

ఇంటికి రాగానే స్నానాలగదిలోకి. కుళాయి చప్పుడు. చాలాసేపు.

ఆగస్టు 8

ఇంటి ఓనరు షమీమక్క పైకి వచ్చింది. సిద్దిపేట మనిషి, కొంగు నడుముకు దోపుకుని వచ్చిందంటే వచ్చినది ఫిర్యాదు.

“ఏందమ్మా గిది? పొద్దుగాల మోటరేసి నింపిన ట్యాంకు పగటాల్లకే ఖాళీ! నేను సుత బట్టలు పిండుకోవాలె గద. కెజియమ్మ ఉన్నప్పుడు గిట్ల లేకుండె.”

“పరిశీలిస్తామండీ.”

“పరిశీలించుడు కాదు మేడం, నల్లా బంద్ చేసుడు. జెర ఆ బిడ్డకు చెప్పు. మస్తు పరేషాన్ అయితున్న.”

చాయ్ పంపిస్తానంది. మా సంఘంలో చాయ్ తాగరన్నాను. కాఫీ? అదీ తాగం. “ఏం మనుషులమ్మా,” అంది. “నీళ్లేనా మరి? అందుకేనా ట్యాంకు ఖాళీ?”

సాయంత్రం పరిశీలన చేపట్టాను. కుళాయి కింద మనిషి ఉంటే నీటి చప్పుడు మారుతూ ఉంటుంది — చెంబు ముంచినప్పుడు ఒకలా, ఒంటి మీద పడినప్పుడు ఒకలా. ఈ చప్పుడు మారలేదు. ఒకే ధార, ఖాళీ నేల మీద. దాని వెనుక, చాలా జాగ్రత్తగా, ఇంకో చప్పుడు...

స్నానం చేయడం లేదు. ఏడుస్తోంది. మినహాయింపు ఉన్న ఒకే ఒక్క గదిలో, నాకు వినబడకుండా.

తలుపు తట్టలేదు. ఈ పద్ధతి నాకు కొత్తది కాదు. అంతకు మించి నమోదు చేయవలసిన అవసరం కనబడదు.

ఆగస్టు 9, శనివారం

రాత్రంతా నిబంధనను అన్వయించి చూశాను. చూపుమేరలో ఉండవలెను. సరే. వినికిడిమేరలో ఉండవలెను. సరే. ఎవరి మొహం ఎటు తిరిగి ఉండవలెనో ఎక్కడా లేదు. ఇన్నేళ్లు సెలవు దరఖాస్తులు పరిష్కరించినదాన్ని, ఆ మాత్రం సందు కనబడకపోదు.

సాయంత్రం రెండు ప్లాస్టిక్ కుర్చీలు మేడ మీదికి మోయించాను. ఒకటి పిట్టగోడవైపు, అది నాది. రెండోది అటు చివర, నీళ్ల ట్యాంకు పక్కన.

“నా వీపు నీకు కనబడుతూ ఉంటుంది. చూపుమేర అయింది. నేను గట్టిగా చదువుతుంటాను. వినికిడిమేర అయింది. నువ్వు పిలిచేదాకా నేను వెనక్కి తిరగను. మిగతాది నీ ఇష్టం.”

పిల్ల కుర్చీలను ఒకదాని తర్వాత ఒకటి చూసింది. “ఇది ఆజ్ఞకు విరోధము కాదా?”

“కాదు. ఇది వ్యాఖ్యానము.”

ఏం చదవాలో చూసుకోలేదు. చేతిలో పుస్తకం లేదు. నోటికి వచ్చినవి ఆర్జిత సెలవు నిబంధనలు. గోడకేసి చూస్తూ అవే అందుకున్నాను, అధ్యాపకేతర సిబ్బందికి వర్తించు భాగంతో సహా.

కింద నుంచి షమీమక్క — “మేడం, ఏ దేవునికి దువా అది?”

“సెలవు నిబంధనలండీ.”

“మంచిగున్నయి. జెర గట్టిగ చదువుండ్రి, మోటరు చప్పుడుకు ఇనవడతలేదు.”

నా వెనుక ఏం జరిగిందో నాకు తెలియదు. తెలియకపోవడమే ఏర్పాటు. పిలిచినప్పుడు వెనక్కి తిరిగితే కళ్లు ఉబ్బి ఉన్నాయి, ముక్కు ఎర్రగా ఉంది, ఆకలి వేస్తోందంది.

స్నానం — రెండు చెంబుల నీళ్లతో.

ఆగస్టు 10, ఆదివారం

ఆరాధన. గేటు బయట స్కూటరు మీద మా ఆయన. సంఘంలో నేను చేరి ఆరేళ్లు. ఆయన గేటు దాటి ఎన్నడూ రాలేదు, గేటు దాకా రావడం ఎన్నడూ మానలేదు. ఈ వారం నన్ను దింపే పని కూడా లేదు. అయినా వచ్చారు.

“మీ దేవుడికి నా నమస్కారం చెప్పు. చిక్కావా?”

“లేదండీ.”

“నేను చిక్కాను.” అబద్ధం. కొట్టు పక్కన టిఫిన్ సెంటరు ఉంది. “ఇంకోటి... ఈ వారం నీళ్ల ట్యాంకర్ చెప్పాల్సిన పనే పడలేదే. నీళ్లు మిగిలిపోతున్నాయి.”

“ఒక మనిషి తగ్గింది కదండీ.”

“ఒక్క మనిషికి అన్ని నీళ్లా?”

స్కూటరు స్టార్టు చేశారు. మళ్లీ ఆపారు. నా మొహంలోకి చూశారు. హెల్మెట్ పెట్టుకున్నారు.

ఆగస్టు 11

ట్యాంకు నిండుగా ఉంది. షమీమక్క నుంచి ఫిర్యాదులు — లేవు.

ఆగస్టు 12

ఫిర్యాదు లేకపోతే మనిషికి తోచదు కాబోలు. షమీమక్క గిన్నెలో సేమ్యా పాయసం పట్టుకుని పైకి వచ్చింది. దలిసాయ్ రెండుసార్లు వేయించుకుంది.

“ఇంక జెర ఏసుకో బిడ్డ.”

“చాలును. నేను తృప్తిగా భుజించితిని.”

నేను ఊపిరి బిగబట్టాను. షమీమక్క నవ్వలేదు. పిల్ల గడ్డం పట్టుకుని, “నువ్వు మాట్లాడితే చిన్నప్పుడు మా నానిమా కథ చెప్పినట్లుంటది. ఇంకేమన్న చెప్పు” అంది.

పిల్ల చెప్పింది. వాళ్లది సముద్రం ఒడ్డు. చిన్న ఇంట్లో పదకొండుమంది. ఏడుపు వస్తే ఒడ్డుకు పోయి కూర్చునేదట. “అలల ఘోషలో ఎవరికిని వినబడదు. ఇచ్చట సముద్రము లేదు. కావున కుళాయి తిప్పితిని. నన్ను క్షమించుడి.”

షమీమక్క నావైపు చూసింది. నేను పాయసంవైపు చూశాను.

“పోనీ తీ,” అంది షమీమక్క. “మోటరేస్తే నిండుతది. మొన్న నేనే జెర ఎక్కువ లొల్లి చేసిన.”

ఆగస్టు 13

మా ఆయన ఫోను. అన్నం వచ్చిందట. సాయంత్రాలు ఎలా గడుపుతున్నారని అడిగారు. కుర్చీల ఏర్పాటు సాకల్యంగా వివరించాను.

“వింటున్నారా?”

“ఊఁ.”

“ఏం వింటున్నారు?”

“అదే. వీపు కనబడాలి, వెనక్కి తిరగకూడదు.”

ఆగస్టు 14

వాన. గొడుగులతో కూర్చున్నాం. అర్ధజీతపు సెలవు దాకా వచ్చాను.

ఆగస్టు 16

మళ్లీ బోయిగూడ. అదే ముసలమ్మ, అదే ప్రశ్న. దలిసాయ్ ఒక క్షణం నావైపు చూసి — “ఉప్మా భుజించితిని. ఎక్కువ భుజించితిని. బాగులేదు. ఆమె వండెను.” వేలు నావైపు.

ఇల్లు మళ్లీ ఘొల్లుమంది. ఈసారి ఆ నవ్వు తను తెప్పించినది. తేడా ఆమె మొహంలో కనబడింది. ఉప్మా విషయమై నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

సాయంత్రం కుర్చీల దగ్గర మాత్రం ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది. నవ్విన రోజు ఏడవరని నియమం ఏమీ లేదు.

ఆగస్టు 18, సోమవారం

బట్టలు ఉతికే రోజు. రాజారత్నంగారికి ఫోన్ చేసి చెప్పవలసిన రోజు కూడా. పొద్దున్నుంచి దేనికీ నోరు తెరవలేదు — ఆ పిల్ల కాదు, నేను. నాలుక చివర నచ్చజెప్పే వాక్యాలు బారులు తీరాయి. “ఇంకా కొన్నాళ్లు ఆగితే...” “కెజియా వస్తే...” ప్రతిదీ చక్కగా, వ్యాకరణబద్ధంగా. ప్రతిదాన్నీ వెనక్కి పంపాను. వెళ్లిపోవడం కూడా ఆ పిల్ల హక్కే. ఇంటి దగ్గర సముద్రం ఉంది.

సాయంత్రం ఫోను పట్టుకుని మేడ మీదికి వచ్చింది. తన కుర్చీలో కూర్చుంది. నేను గోడవైపు తిరిగాను.

“సిస్టర్ సుభద్ర, మిక్కిలి గట్టిగా చదువుడి.”

చదివాను. అసాధారణ సెలవు నిబంధనలు. ఒకచోట వరుస తప్పాను. మొదటి నుంచి మళ్లీ అందుకున్నాను. నా వీపు వెనుక ఆమె రాజారత్నంగారితో ఏం చెబుతోందో ఒక్క ముక్క వినబడలేదు. వినబడకుండా చదవడం నా బాధ్యత. ఇంత కష్టమైన డ్యూటీ సర్వీసులో చేయలేదు.

నిబంధనలు అయిపోయాయి. పిలుపు లేదు. చదివిందే మళ్లీ చదువుతున్నాను.

“సిస్టర్.”

తిరిగాను. తీగ మీద బట్టలు తీస్తోంది.

“కెజియా ఎల్లుండి వచ్చును. ఆమె మంచము దులపవలెను.”

“అయితే...”

“తరువాతి బదిలీల వరకు ఉండెదను. అటు తరువాత చూచెదము.”

తీగ మీది దుప్పటి చెరో కొస పట్టుకుని మడతపెట్టాం. నేను ఏమీ నచ్చజెప్పలేదని ఇందుమూలముగా నమోదు చేయడమైనది. ప్రాణానికి ఎంత తేలిక... కింద షమీమక్క మోటరు వేసింది. ట్యాంకు నిండి పొర్లి, పిట్టగోడ తడిసి, మా కాళ్ల కిందికి నీళ్లు. ఎవరూ కదలలేదు.

ఆగస్టు 20

కెజియాకు బాధ్యతలు అప్పగించాను. మెట్లు నెమ్మదిగా ఎక్కింది, మాటలు మాత్రం గబగబా.

“ఏంటాంటీ, మేడ మీద కుర్చీలు చెరో చివరా ఉన్నాయి, ఒకటి గోడకేసి మొహం తిప్పుకుని? పోట్లాడుకున్నారా ఏంటండీ మీరిద్దరూ?”

“కాదు,” అంది దలిసాయ్. “వ్యాఖ్యానము.”

గేటు దగ్గర షమీమక్క నా చేతిలో సేమ్యా పొట్లం పెట్టింది. “సెలవు దువా రాసియ్యి మేడం. ఇంక ఎవరు చదువుతరు?”

దలిసాయ్ చేయి ఊపలేదు. వీపు తిప్పి నిలబడింది, నేను మలుపు తిరిగేదాకా. మర్యాద అది. నాకు తెలుసు.

బోయిగూడ. ఇల్లు బాగానే ఉంది. కుక్కర్ అడుగు నల్లగా ఉంది.

ఆగస్టు 21

కార్యాలయం. బల్ల మీద కాగితాలు. ఐదింటికి లేచాను. స్నానాలగదిలో కుళాయి తిప్పాను... కట్టేశాను. మామూలు స్నానం.

ఆగస్టు 22, శుక్రవారం

కొట్టు నుంచి మా ఆయన పెందరాళే వచ్చారు. నేను ఇంటికి వచ్చేసరికి కింద లేరు. మేడ మీద చప్పుడు.

వెళ్లి చూస్తే — రెండు కుర్చీలు. ఒకటి పక్కింటి గోడవైపు. అందులో ఆయన, కళ్లజోడు, చేతిలో ఉదయం పేపరు. రెండోది అటు చివర, ట్యాంకు పక్కన.

“ఏమిటండీ ఇది?”

“కూర్చో. నేను చదువుతాను. నువ్వు పిలిచేదాకా తిరగను.”

“నాకేమైందని?”

“ఏమీ అవలేదు. నేను అడగలేదుగా.”

కూర్చున్నాను. ఆయన వీపు ఇన్నేళ్లలో ఇంత తీరిగ్గా చూడలేదు. భుజాల దగ్గర చొక్కా వెలిసిపోయింది. మొదటి పేజీ చదివారు, ధరలతో సహా. ప్రకటనలు చదివారు. ఎక్కడో స్థలం అమ్మకానికి ఉందట, తూర్పు ముఖం. నా ఏడుపుకు కారణం ఏమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర ఆధారాలేవీ లేవు. ఎన్నో ఏళ్ల నీళ్లు తప్ప.

ఇంకా ఏమీ రాలేదు. కుళాయి లేకుండా అలవాటు లేదు.

ఆయన ఆగారు. గోడకేసే చూస్తూ —

“ఉన్నావా?”

“ఉన్నాను.”

“ఇక మిగిలింది క్రికెట్టే.”

“చదవండి.”