వరండా లోతు

శారదా,

ఈ ఉదయం నీ అస్థికలు తీసుకుని ఉప్పాడ వెళ్లాను. ఇంటి పక్కనే గోదావరి ఉండగా ఉప్పునీళ్లెందుకని మీ ఆయన గొణిగారు. చిన్నప్పుడు వేసవి సెలవులకు నాన్నగారు మనల్ని దింపే బంగళా వరండా ముందరి సముద్రంలోనే కలపమన్నావు. నేను మాటిచ్చాను.

బంగళా లేదు. ఆ వీధే లేదు. ఒడ్డు పొడవునా సముద్రానికి అడ్డంగా బండరాళ్లు పోశారు. పడవ దగ్గరున్న సత్తియ్య అనే జాలరిని, బంగళా ఎక్కడికి పోయిందని అడిగాను.

"ఎక్కడికి పోద్దండీ? నీళ్ల కిందే ఉంది. మా వలలు చింపేది ఆ గోడలే కదా. ఎక్కండి మామ్మగారూ, చూపిత్తాను."

కొంత దూరం పోయాక ఇంజను ఆపి, పాత వల ముక్కకు రాయీ తాడూ కట్టి నీళ్లలోకి వదిలాడు. లాగితే రాలేదు.

"ఇదేనండి మీ బంగళా. అక్కడే ఇరుక్కుంది."

తాడు కోసేసి, నావైపు తిరగకుండా కూర్చున్నాడు.

సముద్రంలో మోకాలి లోతు దాటితే వీపు విమానం మోత మోగుతుందని నిన్ను బెదిరించేదాన్ని. నువ్వు ఒక్కనాడూ దాటలేదు. దాటిన పిల్లల్ని చూస్తూ వరండా మెట్ల మీదే కూర్చునేదానివి.

కుండ వంచాను. అక్కడ లోతెంతని సత్తియ్యను అడగలేదు.

నీ అక్క