దేశం మనిషి పెళ్ళాం

శ్రీకూర్మం దగ్గర, పేట నుంచి
నవంబరు 10

ప్రియమైన కోడలు రేఖకు,

నీ అత్త తవిటమ్మ ప్రేమతో రాస్తున్నది. ఫోనులో నీ మాట నాకు సగమే వినబడుతుంది. గట్టిగా చెప్పమంటే పేటంతా వింటుంది. గుజరాత్ వలస పోయిన మగవాళ్ళకి ఇక్కడి ఆడవాళ్ళ ఉత్తరాలన్నీ ఒకప్పుడు నేనే రాసేదాన్ని కదా, ఆ చెయ్యి ఇంకా పడిపోలేదు. అందుకే కాగితం తీశాను.

ఎల్లాజీ బొమ్మ తయారవుతోంది. జనవరి ఇరవయ్యారున బడి ముందు నిలబెడతారట. ముసుగు నువ్వే తియ్యాలని బొమ్మ కమిటీ పెద్ద నరసింగరావు గారు చెప్పమన్నారు. మొన్న నన్ను కారులో తీసుకెళ్ళి బొమ్మ చూపించారు. రేఖా, ఆ మొహం మనవాడిది కాదే. ఇంతింత మీసాలు పెట్టారు. వాడికి మీసం ఎప్పుడు తిన్నగా మొలిచింది? అడిగితే, "అమరవీరుడికి మీసం ఉండాలమ్మా" అన్నారాయన. చేతిలో తుపాకీ కూడా పెట్టారు. మావాడు మిలటరీ డ్యూటీలో కొండమీద మంచు విరిగిపడి పోయాడు కదా బాబూ అంటే, "మంచుని సిమెంటుతో ఎలా చేస్తామమ్మా" అన్నారు. ఆ మాటకి ముందు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

అయినా అబద్ధం ఎందుకు, గర్వంగానే ఉంది. ఎండుచేపల గంపతో ఆటో ఎక్కితే ముక్కు మూసుకునేవాళ్ళు ఇప్పుడు జరిగి చోటిస్తున్నారు. శ్రీకాకుళం బజార్లో కూడా "ఎల్లాజీ తల్లి" అంటున్నారు. ఆ పలకరింపు చెవిన పడితే ఒళ్ళు పులకరిస్తుంది. మరుక్షణం, ఈ పలకరింపు కోసమా నా కొడుకు పోయింది అని నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రెండూ నాలోనే ఉన్నాయి. ఏది నిజమో నువ్వే చెప్పాలి, చదువుకున్నదానివి.

మొన్న ఫోనులో ఏదో చెప్పబోయి ఆగిపోయావు. ఏమిటే అది? దాచకుండా రాయి. వేళకి తిను. చిక్కిపోయావని మీ అమ్మ అంటోంది.

నీ మంచి కోరే అత్త,
తవిటమ్మ


బొబ్బిలి
నవంబరు 24

ప్రియమైన అత్తకు,

నీ ఉత్తరం హాస్టల్ ఆఫీసుకి వచ్చింది. పిల్లలందరూ చుట్టూ మూగి, ఇంకా ఉత్తరాలు రాసేవాళ్ళున్నారా మేడం అని వింతగా చూశారు.

నువ్వు చెప్పిన ఆ రెండూ నాలోనూ ఉన్నాయి. ఉదయం పిల్లలు జనగణమన పాడుతుంటే నాకూ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. అది నటన కాదు. కానీ సభలకి పిలిచి, శాలువా కప్పి, ఫొటో తీసి పంపేశాక గదికొచ్చి తలుపేసుకుంటే ఆ గర్వం నాతో లోపలికి రాదు. గదిలో నేనొక్కదాన్నే ఉంటాను.

ఇక అసలు సంగతి. ఎలా రాయాలో తెలియక రెండు వారాలు ఆలస్యం చేశాను. తిట్టినా సరే, పూర్తిగా చదివి తిట్టు.

సాలూరు నుంచి మా హాస్టల్‌కి బియ్యం లారీ వస్తుంది. దాని డ్రైవరు ఈశ్వర్ మన కులంవాడే, వాళ్ళ నాన్నది భావనపాడు. పెళ్ళి కుదరక ముప్పై దాటేశాడు. ఇక్కడ అందరూ నన్ను వార్డెన్ మేడం అంటారు, వీరుడి భార్య అని పక్కకి తప్పుకుంటారు. ఇతను మాత్రం లారీ దిగుతూనే, "ఏటే రేఖా, బస్తాలు నెక్కెట్టడానికి కూడా కళ్ళద్దాలేటే నీకు?" అంటాడు. ఎన్నాళ్ళకో ఒక మనిషి నన్ను ఏటే అన్నాడత్తా. పోయిన నెల, పెళ్ళి చేసుకుందామా అని అడిగాడు.

ఎల్లాజీని మర్చిపోయానని అనుకోకు. మేం కలిసి ఉన్నదంతా సెలవుల్లోనే. ఆయన గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలంటే ఇప్పుడు కష్టపడాల్సి వస్తోంది. అదే నాకు భయం. గుర్తు కూడా పోయాక నా దగ్గర ఇంకేం మిగులుతుంది?

మన కులంలో మారుమనువు తప్పు కాదు. నువ్వు పెద్దల ముందు కొత్త చీర నా ఒళ్ళో పెట్టి, "ఎల్లు, బతుకు" అంటే చాలు, ఇంకెవరూ వేలెత్తి చూపరు. ఆ చీర నీ చేత్తోనే రావాలి. నువ్వు వద్దంటే లేదు.

నీ కోడలు,
రేఖ


పేట నుంచి
డిసెంబరు 15

ప్రియమైన రేఖకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు గంప ఎత్తలేదు. మూడో రోజున మీ చినమావ గంగుల్ని పిలిచాను. కులపెద్ద కదా, అతనికి చెప్పకుండా కుదరదు. గుడి దగ్గర పెద్దలని కూర్చోబెట్టాడు. చీర పెడతానని చెప్పాను. వలలు అల్లుతున్నవాళ్ళు కూడా చేతులు ఆపేశారు.

గంగులు అన్నాడు: "ఏటి వదినా, మతి పోనాదా నీకు? ఎల్లాజీ ఇప్పుడు మనోడు కాదు, దేశం మనిషి. దేశం మనిషి పెళ్ళానికి మారుమనువేటి? రేపు బొమ్మ కాడ నిలబడే మొకమేనా మనకి?"

నేనూ ఊరుకోలేదు. "సముద్రంలో పోనోడి పెళ్ళానికి ఏడాది తిరక్కుండా చీరెట్టించీవోడివి నువ్వే కదరా. నా కొడుకు మంచులో పోతే నాయం మారిపోద్దేటి?" అని అడిగాను.

"మారిపోద్ది," అన్నాడు. "సముద్రంలో పోతే మన పేటే ఏడిసింది. ఈడికి కలెక్టరు గోరొచ్చి దండం ఎట్టారు."

నేను లేచి ఇంటికొచ్చేశాను. రేఖా, నిన్ను నమ్మించి మోసం చెయ్యను, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. గంగులు కాదన్నప్పుడు నా గుండెల్లో బరువు దిగినట్టయింది. నువ్వు వేరే ఇంటికి వెళ్ళిపోతే ఎల్లాజీ పేరు చెప్పుకోడానికి నాకు సిమెంటు బొమ్మ ఒక్కటే మిగులుతుంది. నీ బొట్టు చూస్తే వాడు సెలవు మీద వస్తాడేమో అన్నట్టుంటుంది నాకు. స్వార్థమే. నన్ను ఏమైనా అనుకో.

ఆగమ్మా. ఈ బొమ్మ పండగ అయ్యేదాకా అన్నా ఆగు. ఇప్పుడు వద్దు.

నీ అత్త,
తవిటమ్మ


బొబ్బిలి
జనవరి 9

అత్తకు,

నువ్వు వద్దన్నావు, సరే. ఈశ్వర్‌కి చెప్పేశాను. స్టీరింగు తుడుచుకుంటూ, "ఆగుతాన్లే, నాకేటి తొందర" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఇరవయ్యారున వస్తాను. నరసింగరావు గారు ఫోను చేశారు. తెల్లచీర కట్టుకుని రమ్మన్నారు. టీవీ వాళ్ళు వస్తున్నారట, తెల్లచీర అయితే గంభీరంగా ఉంటుందట. బొట్టు కూడా లేకపోతే మంచిదన్నారు. మా పేటలో అలవాటు లేదండీ అంటే, "ఇది మీ పేట సంగతి కాదమ్మా, దేశం చూస్తుంది" అన్నారు.

మన పేటలో మొగుడు పోయిన ఏ ఆడది తెల్లచీర కట్టిందత్తా? ఎల్లాజీ శవపేటిక వచ్చినరోజు కూడా నేను కట్టుకున్నది ఆకుపచ్చ చీరే. నువ్వే కట్టబెట్టావు. బొబ్బిలి బజార్లో కొత్త తెల్లచీర కొన్నాను. కొట్టువాడు ఎవరికని అడిగితే నాకేనని చెప్పలేకపోయాను.

రేఖ


పేట నుంచి
ఫిబ్రవరి 4

ప్రియాతిప్రియమైన నా తల్లి రేఖకు,

ఆ రోజు సభ అయ్యాక నువ్వు నాతో మాట్లాడకుండా బస్సెక్కేశావు. నీ తప్పు లేదు.

తెల్లచీరలో, వట్టి నుదుటితో నువ్వు కారు దిగుతుంటే నేను నిన్ను గుర్తుపట్టలేదు. ఎవరో పెద్దింటావిడ అనుకున్నాను. ముసుగు లాగావు, బొమ్మ మీసాలతో బయటికొచ్చింది, అందరూ భారత్ మాతాకీ జై అన్నారు. నేనూ అన్నాను. గొంతు పగిలేలా అన్నాను, నా కొడుకు కదా. అప్పుడు నరసింగరావు గారు మైకులో, "ఈ చెల్లెమ్మ జీవితాంతం ఇలాగే వీరుడి జ్ఞాపకంతో గడుపుతుంది, ఇది మన జాతి గొప్పతనం" అన్నారు. చప్పట్లు కొట్టారు. నువ్వు తల దించుకున్నావు. గాలికి చెంగు ఎగిరితే పట్టుకోడానికి కూడా చెయ్యి ఎత్తలేదు.

మర్నాడు గంగులు ఇంటికెళ్ళి వాకిట్లో నిలబడి అడిగేశాను. "ఒరే గంగులూ, నన్ను మీ ఇంటికి ఎలా తెచ్చుకున్నార్రా? నా మొదటి మొగుడు తెప్ప బోల్తాపడి పోతే, ఆళ్ళమ్మ నా ఒళ్ళో చీరెట్టబట్టే కదా మీ అన్న నన్ను కట్టుకున్నాడు. ఆ ముసిల్ది ఆ పొద్దు వద్దనుంటే ఎల్లాజీ ఎక్కడ పుడతాడు? నీ బొమ్మెక్కడిది? నీ కలెక్టరెక్కడ?"

అతను చుట్టూ చూసి నన్ను లోపలికి లాగాడు. "ఆ మాట పైకనకు వదినా. నరసింగరావు గోరికి తెలిస్తే పరువు పోద్ది" అన్నాడు. మారుమనువు మన పేటలో ఏనాటి నుంచీ ఉన్నదే, ఈ గంగులుకి ఇవాళ అది సిగ్గయిపోయింది. అది చూశాక నాకిక ఎవరి పెద్దరికమూ అక్కర్లేదనిపించింది.

ఈ ఉత్తరంతో చీర పంపుతున్నాను. వంగపండు రంగు, జరీ అంచు. శ్రీకాకుళంలో నేనే ఎంచాను. నేను వచ్చి పెట్టాలి, కానీ రావడం లేదు. నీ మొహం చూస్తే మళ్ళీ మనసు మార్చుకుని వద్దంటానేమోనని భయం. అందుకని, తలుపేసుకుని చీర ఒళ్ళో పెట్టుకో. ఈ మాట నా గొంతుతో చదువుకో.

ఎల్లు తల్లీ. బతుకు.

ఇక నుంచి నువ్వు నా కోడలివి కాదు. కూతురివి అనుకుంటాను, నువ్వు ఒప్పుకుంటే.

తవిటమ్మ


బొబ్బిలి
మార్చి 2

నా కన్నతల్లి లాంటి అత్తకు,

చీర అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ మాట నీ గొంతుతోనే వినబడింది. చాలాసేపు ఏడ్చాను, చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను. పొద్దున్నే బొట్టు పెట్టుకుని ఆ చీర కట్టుకున్నాను. సభ తర్వాత బియ్యం లారీ మొదటిసారి వచ్చే రోజది.

ఈశ్వర్ వచ్చాడు. ఎప్పుడూ హారను మోగించుకుంటూ వచ్చేవాడు, ఆ రోజు మోగించలేదు. ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడత్తా. బియ్యం నూకలు, దుమ్మూ ఉండే గది, అందరం చెప్పులతోనే తిరుగుతాం. వట్టికాళ్ళతో వచ్చి గోడవారన నిలబడ్డాడు. కూర్చో అంటే కూర్చోలేదు. నా చీర వైపు చూసి చప్పున కళ్ళు దించుకున్నాడు, చూడరానిది చూసినట్టు.

మా అత్త ఒప్పుకుంది అని చెప్పాను. అతని మొహంలో సంతోషం కోసం వెతికాను. అతను చేతులు కట్టుకుని అన్నాడు: "అలగ అనకండమ్మా. ఆ రోజు టీవీలో మిమ్మల్ని సూసాం. మాయమ్మ లేసి నిలబడి దండం ఎట్టింది. సాలూరు స్టేండులో లారీలోళ్ళందరి ఫోన్లలోనూ మీ ఫొటోయే ఉన్నాది. నా బండి అద్దానికి కూడా అదే అంటించారు. మీలాటి తల్లిని నేనెలాగ... పాపం తగుల్తాదండి."

ఈశ్వర్, నేను రేఖనే కదా అన్నాను. గట్టిగానే అన్నాను. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. మనసులో ఇష్టం పోలేదని నాకు తెలుస్తూనే ఉంది. కానీ నా దగ్గరికి రాలేడు. బస్తాలు దించి, బయట నుంచే దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ బియ్యం లారీకి వేరే డ్రైవరు వస్తున్నాడు.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు చీర పెట్టావు, ఆ అడ్డు తొలగిపోయింది. గంగులు మావ మీద కూడా లేదు. ఇక దేశం మీద కోపం తెచ్చుకుందామని చూశాను. అది కూడా చేతకాలేదు. ఎల్లాజీ ప్రాణం ఇచ్చింది దానికే కదా, దాన్ని తిడితే ఆయన్ని తిట్టినట్టుంటుంది. నన్ను ఇలా చేసింది ఎవరని అడిగితే చూపించడానికి ఒక్క మనిషి కూడా దొరకడం లేదు. అందరూ నాకు దండమే పెట్టారు.

ఈ వేళ పొద్దున్న ప్రార్థనకి వంగపండు చీరలోనే వెళ్ళాను. పిల్లలు జనగణమన మొదలుపెట్టారు. తిన్నగా నిలబడ్డాను. సగంలో ఏడుపు ఆగలేదు. ముందు వరసలో పిల్లలు నన్ను చూశారు. మేడం వాళ్ళాయన కోసం ఏడుస్తున్నారనుకుని ఇంకా గట్టిగా పాడారు.

నీ కూతురు,
రేఖ