గొడుగు ముందు ఆగిపోయిన బుజ్జోడు

నాన్నకు, అమ్మకు మీ ఎస్తేరు వందనాలు.

నేను ఇక్కడ ఆరోగ్యంగా ఉన్నాను, వేళకు తింటున్నాను. మీరంతా కూడా అలాగే ఉండాలని రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? పర్చూరు వైపు మబ్బులు పట్టాయని అన్నయ్య చెప్పాడు. కల్లంలో మిరపకాయల మీద పట్టాలు కప్పారా?

ఫోన్ చేయొచ్చుగా, ఉత్తరమెందుకని అమ్మ అడుగుతుంది. ఫోనులో చెబితే నాన్నకు సగమే వినపడుతుంది. వినపడిన సగానికి అమ్మ అడ్డొస్తుంది. ఇది పెద్ద సంగతి. అన్నయ్య చేత నిదానంగా చదివించుకోండి.

బెంగళూరంటే ఊరి మధ్యలో ఉన్నాననుకునేరు. మా గుర్రాలశాల ఊరు దాటాక గంట ప్రయాణం. చలి ఇంకా పోలేదు. పొద్దున్నే నీళ్ల తొట్టి కడుగుతుంటే వేళ్లు నావేనా అనిపిస్తుంది. తిండికి లోటు లేదు, అమ్మా, నిజంగానే లేదు. కాకపోతే సాంబారులో బెల్లం వేస్తారు. మొదటి రోజు ఎవరో పొరపాటున వేశారనుకుని ఊరుకున్నాను. ఎనిమిది నెలలైంది, ఆ పొరపాటు ఇంకా ఎవరూ దిద్దుకోలేదు. ఎవరైనా ఇటు వస్తుంటే పండుమిరప పచ్చడి పంపండి. చిన్న సీసా చాలు. పెద్దదైనా పర్లేదు.

ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కన్నడం, హిందీ, ఇంగ్లీషు కలగలిపి నెట్టుకొస్తాను. అందుకని నా తెలుగంతా బుజ్జోడి మీద ఖర్చు పెడతాను. బుజ్జోడంటే నాలుగేళ్ల గుర్రం. కాగితాల్లో వాడికేదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. ఆ పేరుతో పిలిస్తే తల కూడా తిప్పడు. బలం కొండంత, ధైర్యం పిచ్చుకంత. ప్లాస్టిక్ కవరు ఎగిరితే నా వెనక దాక్కుంటాడు. అంత ఒళ్లు నా వెనక ఎలా దాగుతుందో వాడికే తెలియాలి.

పోయిన ఆదివారం వాణ్ణి పోటీకి తీసుకెళ్లాను, నేనొక్కదాన్నే. ఆరాధన మానేశానన్న మాట పాస్టరు గారి దాకా పోనివ్వకండి.

ఆ పోటీని డ్రెస్సాజ్ అంటారు. నువ్వు బండలాగుడు పోటీలకు ఎడ్లను తోలినవాడివి కాబట్టి విడమరిచి చెబుతున్నాను నాన్నా. ఇందులో బండ ఉండదు, ఈలలు ఉండవు, జనం కేకలు వేయరు. ఒక కంచె, చుట్టూ ఇంగ్లీషు అక్షరాల పలకలు. మనం పైన కూర్చుంటే గుర్రం ఒక అక్షరం దగ్గర నడవాలి, ఇంకో అక్షరం దగ్గర చిన్న పరుగు, మరో చోట గుండ్రంగా తిరగాలి. అక్షరాలు వరసలో కూడా ఉండవు. A తర్వాత K, దాని తర్వాత E. నడిమధ్య X ఉంటుంది గానీ దానికి పలక ఉండదు. కనపడకపోయినా ఉందని నమ్మి అక్కడ ఆగాలి. అది మాత్రం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇంకో నియమం, గుర్రంతో మాట్లాడకూడదు. నోరు మెదిపితే మార్కులు తీసేస్తారు.

అసలు మా కోచ్ మేడమ్ వెళ్లాలి. రెండు రోజుల ముందు తడి గచ్చు మీద జారి చీలమండ బెణికించుకున్నారు. గుర్రాలు చూసే బసవన్న గారు కూతురి పెళ్లికి ఊరెళ్లారు. ఓనరు గారేమో బుజ్జోడి గురించి, "నలుగురిలో కుదురుగా ఉంటే ఉంచుదాం. లేకపోతే పెళ్లి ఊరేగింపుల వాళ్లకు ఇచ్చేద్దాం" అనేశారు. కవరుకే బెదిరేవాణ్ణి బ్యాండు మేళం మధ్య, టపాకాయల మధ్య నిలబెడతారంటే నాకు ముద్ద దిగలేదు. మేడమ్ కాలు కుర్చీ మీద పెట్టుకుని, "నువ్వే వెళ్లు" అన్నారు. నేను అంతవరకు ఏ పోటీలోనూ ఎక్కలేదు.

వ్యాను డ్రైవరు మమ్మల్ని గేటు దగ్గర దింపి, "మూడింటికి వస్తా" అని వెళ్లిపోయాడు. తక్కిన వాళ్ల గుర్రాలకు తలా ముగ్గురు మనుషులున్నారు. నాకున్నవి రెండు చేతులు. అందులో ఒకటి బుజ్జోడిది. పేరు రాయించుకోవడానికి వాణ్ణి వెంటబెట్టుకునే బల్ల దగ్గరికి పోయాను. నేను సంతకం పెట్టేలోగా అక్కడి మేడమ్ గారి అరటిపండు తొక్కతో సహా అయిపోయింది. తెల్ల ప్యాంటు వేసుకోవాలి. వాణ్ణి ఎవరికి అప్పజెప్పను? వ్యాను ఎటూ పోయింది. ఒక చేత్తో తాడు పట్టుకుని, ఒక చెట్టు చాటున ఒంటికాలి మీద గెంతుతూ మార్చుకున్నాను. వాడు సాయం చేద్దామనుకున్నాడు కాబోలు, గడ్డి నమిలిన మూతిని నా తెల్ల చొక్కాకు భుజం నుంచి నడుము దాకా తుడిచాడు.

గంట కొట్టారు, లోపలికి వెళ్లాం. X దగ్గర బుద్ధిగా ఆగాడు. నమస్కారం పెట్టాను. ముందుకు కదిలాక ఎదురుగా జడ్జీ గారి గొడుగు గాలికి టపటపా కొట్టుకుంది. అంతే, నాలుగు కాళ్లూ భూమిలో పాతేశాడు. ఒళ్లంతా వణుకు. వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. ఇంకో రెండడుగులైతే కంచె దూకేవాడే. నేర్పినట్టే కాళ్లతో చెప్పాను, కళ్లెంతో చెప్పాను. వినలేదు. ఊరేగింపులు కళ్ల ముందు కనపడ్డాయి.

"ఒరేయ్ బుజ్జోడా, గొడుగేరా అది. కరవదు. నేనున్నాగా, పద అయ్యా, పద" అన్నాను.

బెదిరిన ఎడ్లతో నువ్వనే మాటలే అవి. నా నోట ఎలా వచ్చాయో తెలియదు. వాడి చెవులు రెండూ నా వైపు తిరిగాయి. ఊపిరి వదిలాడు, అడుగు వేశాడు. ఇక నేను నోరు మూస్తే వాడు ఆగిపోతాడేమోనని భయం వేసి, మొత్తం ఆట అయ్యేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. "ఇక్కడ తిరగాలి నాన్నా, ఆఁ, అట్లా. ఆ పూలకుండీ మనది కాదు, చూడమాక." కంచె పక్కన నిలబడ్డవాళ్లు ఫోన్లు దించేసి నా మాటలు వింటున్నారు.

పదకొండు మందిలో పదకొండోదాన్ని. మార్కుల కాగితంలో 'మాట్లాడింది' అని ఏడు చోట్ల రాశారు. ఎనిమిదోసారికి, జడ్జీ గారు చెబుతుంటే రాసే అమ్మాయికి విసుగొచ్చిందేమో, గీత గీసి వదిలేసింది.

మూడింటికి ముందు జడ్జీ గారు మా దగ్గరికి వచ్చారు. మిలిటరీలో చేసి రిటైరైన పెద్దాయన. తిడతారనుకున్నాను. బుజ్జోడి మెడ నిమిరి, హిందీలో అన్నారు:

"నియమం నియమమే, మార్కులు తీసేశాను. కానీ నువ్వు మాట్లాడకపోతే వీడు కంచె అవతల ఉండేవాడు. మాట్లాడటం మానకు. నాకు వినపడకుండా మాట్లాడు."

గుర్రాలశాలకు రాగానే ఓనరు గారు, "ఆఖరా?" అన్నారు. మేడమ్ కాగితం చివర జడ్జీ గారు రాసింది చదివి వినిపించారు: "గుర్రం చిన్నది, పిరికిది కాదు గానీ భయపడింది. నమ్మకంతో నిలదొక్కుకుంది." ఓనరు గారు బుజ్జోణ్ణి పైనుంచి కిందికి చూసి, "సరే, ఉంచండి. ఈ అమ్మాయే ఎక్కనీ" అని వెళ్లిపోయారు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి వాడి మెడ పట్టుకుని ఏడ్చాను. మంచి ఏడుపేలే, అమ్మా, కంగారు పడకు.

ఇప్పుడు మేడమ్ నా నోరు కట్టేందుకు ఉపాయం కనిపెట్టారు. రోజూ నోటినిండా నీళ్లు పోసుకుని స్వారీ చేయాలి. మింగితే మళ్లీ మొదటి నుంచి. నిన్న మూడుసార్లు మింగాను, ఒకసారి వాడి మెడ మీద ఉమ్మాను. వాడేమీ అనుకోలేదు.

మామ్మకు, అన్నయ్యకు, వదినకు నా వందనాలు చెప్పండి. పిల్లలకు ముద్దులు. మీ దీవెనలు మా ఇద్దరికీ కావాలి.

మీ కూతురు,
ఎస్తేరు